నిమ్మకాయ మీద సగం వెలుగు

రాగిపిండి జల్లిస్తా పెరట్లో కూర్చున్నాను. అత్త వచ్చి పక్కన నిలబడి, సంకటికి పెట్టుకున్న పిండిని మట్టిపాలు చేసినారు కదే అనింది. మట్టిపాలు కాదత్తా, చందమామపాలు అన్నాను. ఆమె నవ్వలా.

పళ్ళెంలో కింద రాగిపిండి పరిచి, పైన పల్చగా బియ్యప్పిండి చల్లి, పిల్లలిద్దరి చేతికీ గులకరాళ్ళు ఇచ్చింటిని. పైనుంచి వదలండి అన్నాను. రాయి పడిన చోటల్లా గుంట పడి, అడుగునున్న రాగిపిండి తెల్లపిండి మీదికి చుట్టూ చిమ్మింది. చందమామ మీద గుంటలు ఇట్లనే పడినాయి, ఆకాశంలో తిరిగే రాళ్ళు వచ్చి గుద్దుకుని, అని చెప్పినాను. పెద్దది కీర్తికకి తొమ్మిదేళ్ళు. అదే రాయిని మిద్దె మీదినుంచి వదిలితే గుంట పెద్దదవుతుందా అమ్మా అని అడిగింది. చిన్నది పొన్ని ఏమీ అడగలా, ఉన్నవాటిలో పెద్ద రాయి ఎత్తి ధబీమని వేసింది. ముగ్గురి మొగాలూ తెల్లగైపోయినాయి. మేం అట్ల నవ్వి ఎన్నాళ్ళయిందో. నవ్వు అయిపోయినాక జల్లెడ పట్టుకుని కూర్చునేది మాత్రం నేనొక్కదాన్నే. రాళ్ళు ఏరేసి ఆ పిండి ఆవులకి కలిపేయ్ అని తీర్పు చెప్పి అత్త లోపలికి పోయింది.

పెళ్ళికి ముందూ, పెళ్ళైన తర్వాత కొన్నేళ్ళూ కారిమంగలంలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్తా ఉంటిని. మేగలై మిస్ అంటే పిల్లలకి ఇష్టం, ఇంట్లో మాత్రం నేను మణిని. నన్ను చేసుకున్నది మా నాయన చెల్లెలు సౌభాగ్యం అత్త కొడుకు, దినకరన్ బావ. బెంగళూరులో కంప్యూటర్ కంపెనీలో పని చేసేవాడు. ఒక దినం ఆ ఉద్యోగం వదిలేసి, పెరియంపట్టిలో తాతల నాటి భూమి దగ్గరికి వచ్చేసినాడు. తమిళంలో మరబు అంటారే, పాతకాలపు పద్ధతి, ఇంగ అదే మన బతుకు అన్నాడు. నాటు ఆవులు వచ్చినాయి, సబ్బు పోయి శీకాయ వచ్చింది, గ్యాసు పోయి కట్టెలు వచ్చినాయి. మిక్సీ వద్దన్నాడు, రోట్లో రుబ్బితేనే రుచంట. రుచి ఆయనకి, రోలు నాకు.

తర్వాత పిల్లల వంతు వచ్చింది. స్కూలంటే పిల్లల్ని ఉడకబెట్టే కుక్కర్ అని ఒక మీటింగులో చెప్పినాడంట, అందరూ చప్పట్లు కొట్టినారంట. ఆ చప్పట్లు చెవిలో ఉండంగానే కీర్తికని మానిపించినాడు. మరి ఇంట్లో ఎవరు చెప్పాల? "నువ్వు టీచరు కదా మణీ, ఇంతకంటే మంచి బడి యాడుంటుంది," అన్నాడు. నా ఉద్యోగం పోయింది అని ఇంట్లో ఎవరూ అనలా. మా నాయన కూడా, అదృష్టం కదమ్మా, ఎండలో బస్సుకి పోయే పని తప్పింది అన్నాడు. ఇప్పుడు బావ ఎక్కడ మాట్లాడినా, మా పిల్లల్ని మేమే చదివిస్తాం అంటాడు. ఆ మేములో నేను యాడుండానో నాకే కనిపించదు.

చెడ్డోడు కాదు ఆయన. అదే నా కష్టం. తిట్టడు, చెయ్యెత్తడు, తాగడు. మెత్తగా మాట్లాడతాడు. గట్టిగా అరిచే మొగుడైతే పక్క చేనోళ్ళకన్నా వినిపిస్తుంది, పాపం ఆ పిల్ల అనుకుంటారు. ఈయన మాటకి అడ్డం చెప్తే ఇంత మంచోడికి అడ్డం చెప్పిన దాన్ని నేనే అవుతాను. పోయిన తడవ నడుము నొప్పి, రుబ్బలేను అంటే, నీకు ఈ బతుకు మీద నమ్మకం కుదరలేదు మణీ, అందుకే ఒళ్ళు ఎదురు తిరుగుతా ఉంది అన్నాడు. నడుము మీద చెయ్యి వేసి ప్రేమగా నిమురుతానే అన్నాడు.

అన్నిటికంటే పెద్దది ఆ పంప్‌సెట్ రూము. ముట్టైతే ఇంటికి దూరంగా కూర్చునే ఆచారం మా ఇళ్ళల్లో అత్త కాలంలోనే పోయింది. నాట్లేసే దినాల్లో మూడు దినాలు మూల కూర్చుంటే మడి ఎవుడు చూస్తాడు అని ఆమే ఎన్నో సార్లు చెప్పింది. పోయిన దాన్ని బావ వెతికి తెచ్చినాడు. ఆడోళ్ళ ఒళ్ళు చందమామతో పాటు నడుస్తుందంట, ఆ మూడు దినాలు వాళ్ళకి రెస్టు ఇయ్యాలని మన పెద్దోళ్ళు కనుక్కున్నారంట. బావి పక్కన మోటారు పెట్టే రూముకి సున్నం కొట్టించి, నేల అలికించి, చాప వేసి, తలుపు మీద తమిళంలో ఓయ్విల్లం అని రాసినాడు, అంటే విశ్రాంతి ఇల్లు. "ఈ దేశంలో ఏ ఆఫీసూ ఇయ్యని లీవు ఇది, తీసుకో," అన్నాడు. ఆ దినం అత్త నోరు తెరిచి నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూసినాను. చదువుకున్నోడు చెప్తా ఉన్నాడు, ఏదో ఉంటుందిలే అనేసింది ఆమె. ఆ మూడు దినాల వంట తన మీద పడినాక, నేనే కావాలని ముట్టైనట్టు నా మీద చిటపటలాడేది.

రెస్టంటే ఏమి? ఎండువాటికి మైల లేదని చింతపండు బుట్టలు ఆ రూములో పెట్టేస్తారు. మా పక్క చింతచెట్లకేం తక్కువ, కాపు కాలమంతా గింజలు కొట్టి తీసేదే పని. నా గుడ్డలు నేను ఉతుక్కోవాల, నేను తిన్న తట్ట నేనే కడుక్కోవాల, పిల్లల్ని తాకకూడదు. మొదటిసారి పొన్నికి మూడేళ్ళు కూడా నిండలా. తలుపు దగ్గరకొచ్చి ఎత్తుకోమని చేతులు చాపి ఏడిస్తే, అత్త దాన్ని లాక్కుపోయింది. నేను లోపల కూర్చుని గింజలు కొట్టినాను. ఆ ఏడుపు వినలేక ఇంకా గట్టిగా కొట్టినాను.

కీర్తిక ఏడవలా. అది చాలా తెలివైంది. అమ్మ దూరం అంటే ఎంత దూరమో ఒక్కసారికే నేర్చుకునింది.

ఇంత చెప్తా ఉన్నా కదా, మరి ఊపిరి యాడ తీసుకుంటావు అంటే, పాఠాల్లో. నిజంగా చెప్తా ఉన్నాను, పిల్లలతో చందమామ పాఠం మొదలుపెట్టినాక, ఈ ఇంట్లో నాది అనేది ఒకటుంది అనిపించింది. అమావాసకి ముందు ఒక పొద్దున, ఆవులకి గడ్డి వేసి కళ్ళాపికి పోతా ఉంటే పడమటి పక్క సగం చందమామ కనబడింది. పొద్దు ఈ పక్క పొడిచి, ఎండ కాస్తా ఉంది. కళ్ళాపి బక్కెట్టు ఆడనే పెట్టి లోపలికి ఉరికి రెండు నిమ్మకాయలు తెచ్చి, చీపురుపుల్లలకి గుచ్చి పిల్లలకి ఇచ్చినాను. ఎండలో నిలబడి నిమ్మకాయని చందమామ పక్కకి చాపి పట్టుకోండి అన్నాను. పట్టుకున్నారు. చందమామకి ఏ సగం వెలుగో, నిమ్మకాయకీ అదే సగం వెలుగు. కీర్తిక నిమ్మకాయని చూసింది, చందమామని చూసింది, మళ్ళీ నిమ్మకాయని చూసింది. పొద్దు వెలుగే రెండిటి మీదా పడతా ఉందమ్మా అనింది. మరి ఆ చీకటి సగం భూమి నీడ కాదా అని నేను ఊరికే గెలికినాను. నేను స్కూల్లో చెప్పే కాలంలో పెద్ద పిల్లలు కూడా అట్లనే రాసేవాళ్ళు. అది కాళ్ళ కిందికి ఒకసారి, పొద్దు వైపు ఒకసారి చూసింది. "భూమి మన కాళ్ళ కిందుంది కదమ్మా, పొద్దు ఆ పక్క, చందమామ ఈ పక్క. మధ్యలోకి భూమి యాడొచ్చింది?" అనింది.

నేను చెప్పకుండానే కనిపెట్టింది అది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. ఎత్తుకుని తిప్పినాను, అంత పొడుగు పిల్లని. కళ్ళాపి యాళ దాటిపోయిందని అత్త అరుస్తా ఉన్నా నాకు పట్టలా.

ఆ సంగతి బావకి చెప్పినాను. ఫోను చూస్తానే విని, భలే ఉందే, దీన్నే ముకాం పెట్టేస్తాం అన్నాడు. ముకాం అంటే క్యాంపు. ఆదివారం సాయంకాలం పిల్లాజెల్లతో రండి, మా తోటలో ఆకాశం కిందే చందమామ పాఠం అని ఫోన్లో పెట్టినాడు. సేలం నుంచి, హోసూరు నుంచి జనం వస్తామన్నారు. ఆ నిమ్మకాయ పాఠం నేను చెప్తాను బావా అని అడిగినాను. మొగుడి దగ్గర సినిమాకి అడిగినట్టు పాఠానికి అడుగుతా ఉన్నానే అని నా మీద నాకే కోపం వచ్చింది. ఆయన నవ్వి, సరి, నేను రెండు మాటలు మాట్లాడి నీకిస్తాను అన్నాడు.

ఇంగ నా కాళ్ళు నేల మీద నిలవలా. పాలు పితుకుతా పాఠం చెప్పుకున్నాను, రుబ్బుతా చెప్పుకున్నాను. స్కూలుకి కట్టుకుపోయే నీలం కాటన్ చీర పెట్లోంచి తీసి, గంజి పెట్టి మడత వేసినాను. నిమ్మకాయలు, పుల్లలు, పిండి పళ్ళేలు అన్నీ చేసి పెట్టుకున్నాను. ఏమే అంత సంబరం, ఎవరన్నా చుట్టాలు వస్తా ఉన్నారా అని అత్త అడిగితే, మేగలై మిస్ వస్తా ఉంది అత్తా అన్నాను.

ఆ ఆదివారం పొద్దున ముట్టైనాను. ఆడోళ్ళ ఒళ్ళు చందమామతో నడుస్తుంది అంటాడే, నా ఒళ్ళు ఆయన లెక్క ఎప్పుడూ వినలా, ఆ దినమూ వినలా. చెప్పకూడదు అనుకున్నాను. ఎవరికి తెలుస్తుంది? ఒక్క పూట. నా ఒళ్ళు నేనే దొంగిలించినట్టు బావి దగ్గర గబగబా గుడ్డ ఉతికి, టవలు కింద ఆరేసి, వచ్చి పొయ్యి ముందర కూర్చున్నాను. వంట సాయానికి ఊర్లోంచి కాళియమ్మ వచ్చింది, అత్త అనపగింజలు కడగతా ఉంది, బావ కాఫీకి వచ్చి నిలబడినాడు. కీర్తిక బావి దగ్గర పళ్ళు తోముకుని వచ్చింది.

"అమ్మా, నువ్వు దూరం కదా? నీ గుడ్డ ఆరేసి ఉంది. పొయ్యి దగ్గర ఎందుకున్నావు?" అనింది.

కొళాయి మూయడం మరిచిపోయినావు అని చెప్పినంత మామూలుగా చెప్పింది. దాని మొగంలో ఏ తప్పూ లేదు. తప్పు చేస్తా ఉన్న అమ్మకి గుర్తు చేసింది, అంతే.

ఎవరూ తిట్టలా. కాళియమ్మ తల దించుకునింది. అత్త నా చేతిలో గరిటె వైపు చూసింది, కడిగే లెక్క వేస్తా ఉంది పాపం. బావ మెత్తగా, ఎందుకు మణీ దాస్తావు, ఇదేమన్నా తప్పా, పోయి రెస్టు తీసుకో అన్నాడు. ఈ ఒక్క దినం బావా అన్నాను. వచ్చేవాళ్ళకి మనం ఒకటి చెప్పి ఇంకొకటి చేస్తే ఎట్ల అన్నాడు. నిమ్మకాయ పాఠం అన్నాను. నాకు చెప్పినావు కదా, నేను చూసుకుంటా అన్నాడు. లేచి పోయినాను. తోసి తలుపేసి ఉంటే తిరగబడేదాన్నేమో. ఎవరూ తోయలా, తలుపుకి బయట గొళ్ళెం కూడా లేదు. నా కాళ్ళతో నేనే నడిచిపోయి చాప మీద కూర్చున్నాను. నీలం చీర కొక్కెం మీదనే ఉండిపోయింది.

సాయంకాలానికి జనం వచ్చినారు. కిటికీ కమ్ముల్లోంచి అంతా కనిపిస్తుంది నాకు. బావ వాళ్ళకి ఆవుల్ని చూపించినాడు, గానుగ చూపించినాడు, తర్వాత నా రూము చూపించినాడు. కొత్త దూడని చూసేదానికి వచ్చినట్టు కొంచెం దూరంలో గుంపుగా నిలబడినారు. ఆయన తమిళంలో చెప్తా పోయినాడు, పెద్దోళ్ళు, చందమామ, విశ్రాంతి, గౌరవం. గౌరవం అన్నప్పుడు ఒకామె ఫోటో తీసింది. ఇంకొకామె, సేలం ఆమె, కళ్ళద్దాలు పెట్టుకుని మంచిగా ఉంది, కీర్తిక చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరకే వచ్చింది. మా ఇంట్లో కడుపునొప్పితో కూడా నేనే దోసెలు పొయ్యాలమ్మా, నువ్వు పెట్టి పుట్టినావు అనింది. ఆమె నిజంగానే అనింది, ఆమె కళ్ళ కింద నలుపు నాకు కనిపిస్తా ఉంది. రెస్టు బాగుందా అని అడిగింది.

బాగుందక్కా అన్నాను. నవ్వినాను కూడా. చింతపులుసుకి మండే వేళ్ళు చీర కుచ్చిళ్ళలో దాచుకుని నవ్వినాను. వాళ్ళ ఎదురుగా బావ పరువు తీసేదెట్ల అనుకున్నాను.

పొద్దు పడమటికి వాలింది. తూర్పు పక్క టెంకాయ చెట్లకి చాలా పైన సగం చందమామ తెల్లగా నిలబడి ఉంది. ఇంతకంటే మంచి యాళ దొరకదు. పిల్లలందరి చేతికీ నా నిమ్మకాయలు ఇచ్చినాడు. నేను కమ్ములు పట్టుకున్నాను. చాపి పట్టుకోమని చెప్పు బావా, ఎండలో నిలబెట్టు, అంతే, మిగతాది నిమ్మకాయే చెప్తుంది. ఆయన చాపమనలా. మన తాతలకి దుర్భిణీలు లేవు అని మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడినాడు. పిల్లలు నిమ్మకాయల్తో కొట్టుకునేది మొదలైనాక, "చందమామలో ఆ మిగతా సగం ఏమైందో తెలుసా? మన భూమి నీడ దాని మీద పడింది. అమావాస దినం మొత్తం నీడ కప్పేస్తుంది," అన్నాడు.

కాదు అన్నాను. గొంతులోంచి సగమే వచ్చింది, చింతగింజలకి తప్ప ఎవరికీ వినిపించలా.

"మా కీర్తిక రెండేళ్ళుగా బడి గడప తొక్కలా. అది చెప్తుంది వినండి," అని దాన్ని ముందుకి పిలిచినాడు. చెప్పు కన్నూ, చందమామని ఏమి కప్పింది అన్నాడు.

అది నిమ్మకాయ పట్టుకుని నిలబడింది. చెయ్యి దానంతటదే చందమామ పక్కకి కొంచెం లేచింది. నిమ్మకాయ మీద సగం వెలుగు పడింది, ఈడినుంచి నాకే కనిపించింది, దాని కంటికి కనిపించదా? పొద్దు వైపు చూసింది. నా కిటికీ వైపు చూసింది. చెప్పు నా తల్లీ, చెప్పు అని నేను కమ్ములు నలిపేస్తా ఉన్నాను. అది చివరికి వాళ్ళ నాయన మొగం చూసింది. చెయ్యి దించేసింది.

"భూమి నీడ అప్పా," అనింది.

అందరూ చప్పట్లు కొట్టినారు. సేలం ఆమె ఫోన్లో వీడియో ఎత్తుకునింది. బావ దాని తల నిమిరినాడు. నేను ఆ చాప మీద కూలబడినాను. నాలుగేళ్ళు రుబ్బినదానికి, చింతగింజలు కొట్టినదానికి, ఉద్యోగం పోయినదానికి కూడా నేను అంత ఏడవలా. నేను చెప్పింది బావ చెవికి ఎక్కలా, తెలియక చెప్పినాడు. దానికి తెలుసు. తెలిసి మింగేసింది. తొమ్మిదేళ్ళకే.

జనం వేపచెట్టు కింద ఆకులు వేసుకుని తినేదానికి కూర్చున్నారు. పొద్దు ఇంకా ఉంది. కీర్తిక నా తట్ట తెచ్చింది, సంకటీ పులుసూ. గడప బయట నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి పోయి నిలబడింది, నేర్పినట్టే.

దాన్ని తిట్టాలని లేదు నాకు. అడిగినాను, అంతే. అది భూమి నీడ కాదని నీకు తెలుసు కదా, ఎందుకట్ల చెప్పినావు అని.

"అప్ప అట్ల చెప్పినాడు కదమ్మా. అందరి ముందర కాదంటే అప్పకి ఒక మాదిరి సిగ్గుగా ఉంటుంది," అనింది. కాలి వేలితో నేల గీకింది. మళ్ళీ తలెత్తి, నాకేదో ధైర్యం చెప్పేటట్టు, "నువ్వూ అట్లనే కదమ్మా. రెస్టు బాగుందా అని ఆ సేలం అత్త అడిగితే బాగుంది అన్నావు కదా. నేను పక్కనే ఉన్నాను," అనింది.

నిమ్మకాయలూ పిండి పళ్ళేలూ పెట్టుకుని నేనేదో పాఠం చెప్తా ఉన్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. అది నేర్చుకునే పాఠం వేరే ఉంది. ఆ పాఠానికి నేను ఒక్క దినం కూడా లీవు పెట్టలా. ఇంకో రెండు మూడేళ్ళకి ఇది కూడా ఈ చాప మీదికి వస్తుంది. ఎవరూ తోయకుండానే, దాని కాళ్ళతో అది నడిచి వస్తుంది. వచ్చి బాగుందక్కా అంటుంది.

లేచినాను. తట్టని దాటి గడప బయటకి వచ్చినాను. అది ఇంకో అడుగు వెనక్కి వేసింది, అమ్మా దూరం అనింది. నేను పోయి దాని చెయ్యి పట్టుకున్నాను.

"అమ్మా, తాకేసినావు."

"తాకినాను."

"అప్ప ఏమంటాడో?"

"ఏమో."

నిజంగానే నాకు తెలియదు. భయంగానే ఉంది, లేదని చెప్తే అదీ ఇంకో అబద్ధమే. దాని చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది, నా వేళ్ళ పులుపు దానికీ అంటుతా ఉంది. వేపచెట్టు కింద అత్త మమ్మల్ని చూసి వడ్డించే గరిటె ఆపేసింది. బావ మాట మధ్యలో ఆగి తిరిగినాడు. సేలం ఆమె తలెత్తింది.

"ముందు నేను చెప్తాను, ఆ రూములో రెస్టు లేదని," అన్నాను కీర్తికతో, నడస్తానే. "తర్వాత నువ్వు నిమ్మకాయ సంగతి చెప్పు."